ఫొటోతోపాటు ఏమేం వెళతాయి?

ఇంటర్నెట్ రాకముందు కొన్ని పత్రికల్లో "కలం స్నేహం" అనే శీర్షిక వుండేది. అందులో యువకుల పేర్లూ, వయస్సులూ, అభిరుచులూ, చిరునామాలూ అచ్చు వేసేవారు. తపాలా బిళ్ళలు పోగుచేసే ఏలూరు కుర్రవాడు అదే సరదా వున్న అస్సాం కుర్రవాడికి ఉత్తరం రాసేవాడు. జవాబు రావటానికి పదిహేను రోజులో, నెలో పట్టేది.

ఆ ఉత్తరంలో ఏముండేది? రాసినవాడు చెప్పదలుచుకున్నదే వుండేది. కాని కవరు మీద మాత్రం అతను రాయని సంగతి ఒకటి వుండేది. అదే తపాలా ముద్ర. ఆ నల్లటి గుండ్రటి ముద్రలో తపాలా ఆఫీసు పేరూ, తేదీ వుంటాయి. "నేనిప్పుడు మద్రాసులో వున్నాను" అని గొప్పగా రాసినా, ముద్రలో "తెనాలి" అని వుంటే అసలు సంగతి బయటపడ్డట్టే!

ఇప్పుడు కలం స్నేహం పోయి ఫొటో స్నేహం వచ్చింది. 2010లో ఇన్‌స్టాగ్రామ్, 2011లో స్నాప్‌చాట్ మొదలయ్యాయి. ఉత్తరానికి నెల పట్టిన దూరాన్ని ఫొటో ఒకటి రెండు క్షణాల్లో దాటేస్తుంది. ఎన్నడూ చూడని మనిషి దాన్ని చూసి "బాగుంది" అంటాడు. మాటా మాటా కలుస్తుంది.

మరి ఈ ఫొటోకి కూడా తపాలా ముద్ర లాంటిది వుంటుందా? వుంటుంది. ఒకటి కాదు, రెండు మూడు రకాల ముద్రలుంటాయి. అవి ఎక్కడ పడతాయో, ఏం చెబుతాయో చూద్దాం.

కొత్తవాళ్ళు ఎంత దూరంలో వున్నారు?

ముందుగా చిన్న లెక్క. మీకు 200 మంది స్నేహితులున్నారనుకోండి. వారిలో ఒక్కొక్కరికీ 200 మంది చొప్పున వుంటే, మీ స్నేహితుల స్నేహితులు 40,000 మంది. మూడో మెట్టుకు 80 లక్షల మంది. నాలుగో మెట్టుకు 160 కోట్ల మంది! ఇది మన దేశ జనాభాకంటే ఎక్కువ.

నిజానికి సంఖ్య ఇంత త్వరగా పెరగదు. మీ స్నేహితుల స్నేహితుల్లో చాలామంది మీకూ స్నేహితులే కదా! ఒకే మనిషిని చాలాసార్లు లెక్కపెట్టాం. అయినా ప్రపంచం మనం అనుకున్నదానికంటే చిన్నదే. 1967లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రయోగం చేసి చూశాడు. బోస్టన్‌లో పనిచేసే ఒక వ్యాపారికి ఒక కవరు చేరాలి. కాని దాన్ని నేరుగా పంపకూడదు. తనకు బాగా పరిచయమున్న మనిషికి మాత్రమే పంపాలి. అతను మరొకరికి, ఆయన ఇంకొకరికి. 1969లో ప్రకటించిన లెక్క ప్రకారం 296 మందితో మొదలుపెడితే 64 కవర్లు గమ్యం చేరాయి. చేరినవాటికి మధ్యలో పట్టిన మనుషులు సగటున అయిదుగురే!

2011లో ఫేస్‌బుక్‌లో వున్న సుమారు 72 కోట్ల మంది స్నేహాలను కంప్యూటర్లతో లెక్కవేశారు. ఎవరో ఇద్దర్ని తీసుకుంటే వారి మధ్య సగటున నలుగురు కూడా లేరని తేలింది.

దీన్నిబట్టి మనకొక సంగతి తెలుస్తోంది. "ఇతనెవరో తెలియదు గాని, మా ఇద్దరికీ ముగ్గురు స్నేహితులు ఉమ్మడిగా వున్నారు, కాబట్టి మంచివాడే" అని అనుకోవటం లెక్కకు నిలవదు. ఇంత చిన్న ప్రపంచంలో ఉమ్మడి స్నేహితులు ఎవరికైనా వుంటారు. పైగా ఆ ముగ్గురూ అతన్ని ఎన్నడూ చూడకుండానే స్నేహితుడుగా చేర్చుకుని వుండవచ్చు. అతను కూడా సరిగ్గా మీలాగే, "ఉమ్మడి స్నేహితుల" పేరు చెప్పే వాళ్ళలో చేరి వుండవచ్చు.

చిత్రం అంటే అంకెలు

ఇక ఫొటో సంగతి. సెల్‌ఫోనులో వున్నది నిజానికి బొమ్మ కాదు. అంకెల పట్టిక.

గళ్ళ కాగితం మీద ముగ్గు వేసినట్టు, చిత్రాన్ని సన్నటి గళ్ళుగా విడగొడతారు. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫొటోను మొదటిసారిగా కంప్యూటరులోకి ఎక్కించాడు. అందులో అడ్డంగా 176, నిలువుగా 176 గళ్ళు. మొత్తం 30,976. ఇప్పటి మామూలు సెల్‌ఫోను ఫొటోలో 4,000 అడ్డం, 3,000 నిలువు. గుణించి చూడండి: 1 కోటీ 20 లక్షల గళ్ళు! ఒక్కొక్క గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత పాళ్ళో చెప్పే మూడు అంకెలు కావాలి. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు వుంటుంది. అంటే ఒక ఫొటోకి 3 కోట్ల 60 లక్షల అంకెలన్నమాట. 1992లో వచ్చిన జేపెగ్ అనే పద్ధతి, మన కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేసి, ఈ అంకెలను పదోవంతుకో ఇంకా తక్కువకో కుదిస్తుంది. అందుకే ఫొటో అంత తేలిగ్గా ప్రయాణం చెయ్యగలుగుతోంది.

సెల్‌ఫోను ద్వారా ఫొటో పంపటం 1997 జూన్ 11న జరిగింది. కాలిఫోర్నియాలో ఫిలిప్ కాన్ అనే ఆయన తనకు పుట్టిన పాప ఫొటోను కెమేరా, సెల్‌ఫోను, కంప్యూటరు ఒకదానికొకటి తగిలించి రెండువేల మందికి పైగా పంపాడు. చూశారా, ఈ రెండు కథల్లోనూ తండ్రి, పసిబిడ్డ! మనకు ముద్దొచ్చినదాన్ని పదిమందికీ చూపించాలనుకోవటం మనిషి స్వభావం. అందులో తప్పేమీ లేదు. చూపించదలుచుకున్నదే చూపిస్తున్నామా అన్నదే ప్రశ్న.

మొదటి ముద్ర: కంటికి కనబడనిది

1995లో జపాను కెమేరా తయారీదారులు ఒక ఏర్పాటు చేశారు. ఫొటో తీసిన వివరాలను ఆ ఫొటో ఫైలులోనే, అంకెల పట్టికకు ముందు, రాసిపెట్టే ఏర్పాటు అది. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. ఫొటో తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను, కెమేరా ఏ కంపెనీది, ఏ రకం, వెలుతురు ఎంతసేపు లోపలికి పోనిచ్చిందీ అన్నీ అందులో వుంటాయి. ఫొటోగ్రాఫర్లకు ఇది ఎంతో ఉపయోగం.

ఫోనులో "లొకేషన్" తెరిచి వుంటే మరొకటి కూడా చేరుతుంది. అదే ఫొటో తీసిన చోటి అక్షాంశం, రేఖాంశం. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను బట్టి ఫోను దాన్ని లెక్కగడుతుంది.

ఇది ఎంత ఖచ్చితంగా వుంటుంది? భూగోళ పాఠం గుర్తు తెచ్చుకోండి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత ఒక్కొక్క స్థానం చేరేకొద్దీ దూరం పదోవంతు అవుతుంది.

మొదటి స్థానం: 11 కిలోమీటర్లు. అంటే ఏ పట్నమో తెలుస్తుంది.
రెండో స్థానం: 1.1 కిలోమీటరు. ఏ పేటో తెలుస్తుంది.
మూడో స్థానం: 110 మీటర్లు. ఏ వీధో తెలుస్తుంది.
నాలుగో స్థానం: 11 మీటర్లు. ఏ ఇల్లో తెలుస్తుంది!

చార్మినారు ఉత్తర అక్షాంశం 17.3616, తూర్పు రేఖాంశం 78.4747. చార్మినారు ఒక పక్క పొడవు 20 మీటర్లు. నాలుగు స్థానాలు చాలు, వేలుపెట్టి చూపించినట్టు దాన్ని పట్టుకోవటానికి. చాలా ఫోనులు ఇంతకంటే ఎక్కువ స్థానాలే రాస్తాయి.

దీని శక్తి ఎంతో 2012 డిసెంబరులో లోకానికి తెలిసింది. కంప్యూటరు వైరస్‌లను అరికట్టే ప్రోగ్రాములతో పేరు తెచ్చుకున్న జాన్ మెకఫీ అప్పుడు మధ్య అమెరికాలోని బెలీజ్ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడు. అతన్ని కలుసుకున్న పత్రికవాళ్ళు అతనితో దిగిన ఫొటోను ప్రకటించారు. ఎక్కడ తీసిందీ చెప్పలేదు. కాని ఫొటో ఫైలులో అక్షాంశం, రేఖాంశం అలాగే వుండిపోయాయి! అతను పొరుగు దేశమైన గ్వాటెమాలాలో వున్నాడని చూసినవాళ్ళు వెంటనే కనిపెట్టేశారు. రెండు రోజుల్లో అతన్ని అక్కడి పోలీసులు పట్టుకున్నారు. కంప్యూటర్ల భద్రతనే వృత్తిగా చేసుకున్న మనిషి కథ ఇది!

ఈ ముద్రను చెరపవచ్చా? చెరపవచ్చు. పెద్ద ఫొటో యాప్‌లు చాలావరకు ఇతరులకు చూపే ప్రతినుంచి దీన్ని తీసేస్తాయి. కాని మీరు పంపిన అసలు ఫైలు ఆ కంపెనీకి చేరినట్టే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరాలు పోతాయి. అదే ఫొటోను "డాక్యుమెంటు"గా పంపితే చెక్కుచెదరకుండా వెళతాయి. ఈ-మెయిల్‌లో జోడించి పంపినా అంతే. ఇవన్నీ గుర్తుపెట్టుకోవటంకంటే ఫోను అమరికల్లోకి పోయి, కెమేరాకు "లొకేషన్" అనుమతి తీసేయటం తేలిక.

రెండో ముద్ర: కళ్ళెదుటే వున్నది

"సరే, లొకేషన్ తీసేశాను. ఇక భయం లేదు" అంటారా? ఫొటోలోకే ఒకసారి చూడండి.

మీ చొక్కా జేబు మీద స్కూలు గుర్తు వుంది. వెనక కిరాణా దుకాణం బోర్డు మీద ఊరి పేరు వుంది. వీధిలో ఆగిన మోటారు సైకిలు నంబరు పలక మీది మొదటి రెండక్షరాలు రాష్ట్రం పేరు చెబుతాయి. దూరాన గుడి గోపురమో, నీళ్ళ ట్యాంకో కనబడుతోంది. ఇవేవీ మీరు చూపించదలుచుకున్నవి కావు. మీరు చూపించదలుచుకున్నది కొత్త సైకిలు!

ఆఖరికి నీడ కూడా మాట్లాడుతుంది. ఇది మీరే పరీక్షించి చూడవచ్చు. మార్చి 21న ఎండలో సరిగ్గా 100 సెంటీమీటర్ల కర్రను నిలువుగా పాతండి. సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తుకు వచ్చినప్పుడు (హైదరాబాదులో ఆ రోజున ఇది సుమారు 12 గంటల 23 నిమిషాలకు) నీడను కొలవండి. హైదరాబాదులో 31 సెంటీమీటర్లు వస్తుంది. అదే రోజు, ఢిల్లీలో నడిమధ్యాహ్నం కొలిస్తే 54 సెంటీమీటర్లు దాటుతుంది. నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే వచ్చేది ఆ చోటి అక్షాంశానికి టాంజెంట్ విలువ. రెండువేల రెండువందల యేళ్ళ క్రితం ఎరటోస్తనీస్ ఇలాంటి నీడల తేడాతోనే భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. ఇప్పుడు యుద్ధాల ఫొటోలు నిజమైనవో కావో పరీక్షించేవారు కూడా నీడలను చూసి, ఏ వేళప్పుడు తీసిందో అంచనా వేస్తున్నారు.

ఇక్కడే అసలు సూక్ష్మం వుంది. ఒక్క ఫొటోతో ఎవరికీ ఏమీ పెద్దగా తెలియకపోవచ్చు. కాని తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మూడు నెలల్లో అరవై ఫొటోలు పెట్టిందనుకోండి. ఒకదానిలో స్కూలు గుర్తు. మరొకదానిలో ట్యూషను బోర్డు. ప్రతి మంగళవారం సాయంత్రం అదే బస్‌స్టాండు. "నాన్న దుబాయి వెళ్ళాడు" అని ఒకదాని కింద రాసింది. ఇవి విడివిడిగా చిల్లర ముక్కలు. వరసగా పేర్చి చూసేవాడికి మాత్రం ఆ అమ్మాయి దినచర్య అంతా ఒక పటంలా కనబడుతుంది. ఆ పటాన్ని ఆ అమ్మాయి ఎవరికీ ఇవ్వలేదు. అయినా అది అతని చేతిలో వుంది.

అవతలివారి ఫొటో మాటేమిటి?

మన ఫొటో మనం చెప్పనివి కూడా చెబుతుంది. అవతలివారి ఫొటో మాత్రం వున్నవి కూడా చెప్పకపోవచ్చు! "పదో తరగతి, విశాఖపట్నం" అని రాసుకున్న ఆ నవ్వు ముఖం ఎవరిది?

అది మరొకరి ఫొటో కావచ్చు. ఒక ఫొటోను ఇచ్చి, అలాంటిదే ఇంటర్నెట్‌లో ఇంకెక్కడుందో వెతికే సౌకర్యం వుంది. దాంతో కొన్ని దొంగ ఫొటోలు పట్టుబడతాయి.

అసలు అలాంటి మనిషే లేకపోవచ్చు. 2014లో ఇయన్ గుడ్‌ఫెలో, ఆయన సహచరులు ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. రెండు కంప్యూటరు ప్రోగ్రాములకు పోటీ పెట్టారు. ఒకటి దొంగనోట్లు అచ్చువేసేవాడి లాంటిది. రెండోది దొంగనోట్లు పట్టుకునే బ్యాంకు ఉద్యోగి లాంటిది. మొదటిది ముఖాల బొమ్మలు తయారుచేస్తుంది. రెండోది "ఇది నకిలీ" అంటూ పట్టుకుంటుంది. పట్టుబడినప్పుడల్లా మొదటిది తన పని మెరుగు చేసుకుంటుంది. లక్షలసార్లు ఇలా జరిగాక తయారైన ముఖం నిజమైనదో కాదో మనిషి కన్ను చెప్పలేదు. 2019 నాటికి ఇలా ఎన్నడూ పుట్టని మనుషుల ముఖాలను ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడగలిగారు. ఇప్పుడు కదిలే బొమ్మలూ, గొంతులూ కూడా తయారవుతున్నాయి. అలాంటి ముఖం ఇంకెక్కడా వుండదు కాబట్టి వెతికినా దొరకదు. దొరకలేదు గనక నిజమైనదే అనుకుంటే మోసపోయినట్టే.

అందుచేత ముఖాన్ని కాదు, నడవడికను చూడాలి. "మన స్నేహం ఇంట్లో చెప్పకు" అంటున్నాడా? "ఇంట్లో ఇప్పుడెవరున్నారు?" అని అడుగుతున్నాడా? వేరే యాప్‌లోకి రమ్మంటున్నాడా? ఇంకా ఫొటోలు పంపమని తొందరపెడుతున్నాడా? నిజమైన స్నేహితుడికి వీటి అవసరం వుండదు. ఇందులో ఏ ఒక్కటి కనబడినా ఆ సంభాషణ అక్కడితో ఆపి, ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించాలి.

ఒకవేళ ఫొటో ఇచ్చేశాక అతను బెదిరింపులకు దిగితే? అడిగిన డబ్బుగాని, మరో ఫొటోగాని ఇవ్వవద్దు. ఇస్తే బెదిరింపు ఆగదు, పెరుగుతుంది. అతని సందేశాలు చెరిపేయవద్దు. అవే సాక్ష్యం. అమ్మకో, నాన్నకో, నమ్మకమున్న మాస్టారికో వెంటనే చెప్పండి. పిల్లల సహాయానికి 1098, సైబరు నేరాలకు 1930 నంబర్లున్నాయి. 2012 నాటి పోక్సో చట్టం పిల్లలను ఇలా వేధించేవాణ్ణే నేరస్థుడుగా చూస్తుంది. సిగ్గుపడవలసింది అతనేగాని మీరు కాదు.

ఇక్కడ కూడా అంకెలు మనకు సాయం వస్తాయి. చిత్రమంటే అంకెలే కదా! వాటిని ఒక లెక్కకు గురిచేస్తే వేలిముద్ర లాంటి పొడుగాటి సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యనుంచి వెనక్కి పోయి చిత్రాన్ని తయారుచేయటం సాధ్యం కాదు. 2023లో అమెరికాలో మొదలైన "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఈ సూత్రం మీద నడుస్తోంది. 18 ఏళ్ళ లోపువారి బట్టలు లేని ఫొటో ఎవరి చేతిలోనైనా పడితే, ఆ ఫొటోను ఎవరికీ చూపకుండా దాని సంఖ్యను మాత్రం పంపవచ్చు. ఇందులో చేరిన యాప్‌లు ఆ సంఖ్యతో సరిపోయే ఫొటోలను పట్టి తీసేస్తాయి.

పిట్టకున్న రక్షణ

అయితే కొత్తవాళ్ళతో ఫొటో స్నేహమే కూడదా? అలా అనలేం. 2008లో కాలిఫోర్నియాలో విద్యార్థులు మొదలుపెట్టిన ఐనాచురలిస్ట్ చూడండి. మీ పెరట్లో పేరు తెలియని పురుగు కనబడింది. ఫొటో తీసి అందులో పెడితే, ఎక్కడో వున్న కీటక శాస్త్రజ్ఞుడు దాని పేరు చెబుతాడు. ఆయన మీకు తెలియదు, మీరు ఆయనకు తెలియదు. మధ్యలో వున్నది పురుగే! మీ ముఖం, మీ ఇల్లు, మీ దినచర్య అక్కడ ఎవరికీ అవసరం లేదు.

ఇందులో ముచ్చటైన ఏర్పాటు ఒకటుంది. మన కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి అనే అరుదైన పిట్ట వుంది. అంతరించిపోయిందనుకున్నది 1986లో మళ్ళీ కనబడింది. ఇలాంటి ప్రమాదంలో వున్న జీవుల ఫొటోలు ఎవరైనా పెడితే, ఐనాచురలిస్ట్ సరైన చోటును పైకి చూపదు. సుమారు 22 కిలోమీటర్ల పక్కలున్న ఒక పెద్ద గడిలో ఎక్కడో అని మాత్రం చూపుతుంది. వేటగాడికి దారి తెలియకూడదు కదా!

పిట్టకు ఈ జాగ్రత్త వేరెవరో తీసుకుంటున్నారు. మన విషయంలో మనమే తీసుకోవాలి. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని బాలలుగానే లెక్కించి, వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి వుండాలంటుంది. ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల ప్రకారం 13 ఏళ్ళు నిండనివారు అందులో చేరకూడదు. కాని ఏ చట్టమూ, ఏ నిబంధనా మీ ఫొటోలో వెనక వున్న బోర్డును చెరపలేదు. బొత్తాం నొక్కేముందు ఆ పని చెయ్యగలిగేది మీరొక్కరే.

చేసి చూడండి

1. ఇంట్లో పెద్దవారి ఫోనులో, వారి అనుమతితో, ఒక పాత ఫొటో "వివరాలు" తెరవండి. తేదీ, కెమేరా రకం, చోటు వున్నాయా? అక్షాంశం కనబడితే దశాంశ బిందువు తర్వాత ఎన్ని స్థానాలున్నాయో లెక్కపెట్టండి. చివరి స్థానం ఎన్ని మీటర్లకు సమానం?

2. మీ స్కూల్లో ఏదో ఒక మూల, మనుషులు లేకుండా, ఒక ఫొటో తీయించండి. క్లాసును రెండు జట్లుగా చేసి, ఆ ఫొటో చూసి ఒక కొత్త మనిషి తెలుసుకోగల సంగతులన్నీ రాయండి. ఎవరి జాబితా పొడవుగా వుంటే వారు గెలిచినట్టు.

3. అదే ఫొటోలో ఏది కత్తిరిస్తే జాబితా అన్నిటికంటే పొట్టిదవుతుందో ఆలోచించండి.